నిషికసాయ్ స్టేషన్ నుంచి నడిచి ఏడు నిమిషాలు: మాకు ఇల్లు దొరికిన తీరు

2023 సెప్టెంబర్ మొదటి వారంలో జపాన్‌లో, తోక్యో దగ్గరి నరితా ఎయిర్‌పోర్టులో దిగాం, నేనూ మా ఆయనా మా మూడేళ్ల పాపా. కంపెనీ వాళ్లు తోయోచో అనే చోట ఒక చిన్న ఫ్లాట్ నెల రోజులకు తీసిపెట్టారు, ఈలోపు మీ ఇల్లు మీరు చూసుకోండి అన్నారు. నెలంటే చాలా టైమే కదా అనుకున్నాను. హైదరాబాద్‌లో మియాపూర్‌లో మేము ఉన్న ఇల్లు ఒక్క ఆదివారం సాయంత్రం టూలెట్ బోర్డు చూసి లోపలికెళ్లి, ఓనర్ ఆంటీ ఇచ్చిన కాఫీ తాగి, అడ్వాన్స్ చేతిలో పెట్టి ఖాయం చేసుకున్నదే. ఇక్కడ ఆ నెల రోజులూ ఎలా గడిచాయో, ఏ కాగితానికి ఎక్కడ ఆగిపోయామో కొత్తగా వచ్చేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

మా ఆయన ఆఫీసు ఓతెమాచిలో. ఆ స్టేషన్ మీదుగా తోజాయ్ లైన్ అని ఒక మెట్రో వెళ్తుంది, పడమర నకానో నుంచి తూర్పున నిషిఫునబాషి దాకా 30.8 కిలోమీటర్లు, 23 స్టేషన్లు, ఆకాశం రంగు గీత. ఆఫీసులో మనవాళ్లు ఎవరిని అడిగినా ఒకే మాట చెప్పారట, నిషికసాయ్ చూడండి అని. తోక్యోలో భారతీయులు ఎక్కువగా ఉండేది ఎదోగావా వార్డులో, అందులోనూ ఈ స్టేషన్ చుట్టూనే. ఓతెమాచికి పావుగంట ప్రయాణం. ఇండియన్ కొట్లు ఉన్నాయి, ఇండియన్ స్కూలు ఉంది. అప్పటికి నాకు జపనీస్‌లో అరిగతో, సుమిమాసెన్ తప్ప ఇంకో మాట రాదు, కాబట్టి అంతకంటే ఆలోచించడానికి ఏమీ లేదు.

మొదటి రోజే పొరపాటు జరిగింది. తోయోచో నుంచి నిషికసాయ్ రెండో స్టేషనే కదా అని వచ్చిన రైలు ఎక్కేశాను, పాపతో ఒక్కదాన్నే. అది ర్యాపిడ్. తోయోచో వదిలితే మళ్లీ ఉరాయాసులోనే ఆగుతుంది. సొరంగంలోంచి పైకొచ్చి, పెద్ద నది మీద వంతెన దాటి, నేను దిగాల్సిన ప్లాట్‌ఫామ్ కిటికీ పక్కనుంచి జర్రున వెళ్లిపోయింది, నిషికసాయ్ అని రాసున్న బోర్డులు ఒకదాని వెనక ఒకటి కనిపించాయి కానీ దిగడానికి లేదు. ఉరాయాసు అంటే పక్క రాష్ట్రం లాంటిది, చిబా ప్రిఫెక్చర్. అక్కడ దిగి ఎదురు రైలెక్కి వెనక్కొచ్చేసరికి ఏజెంట్‌కు చెప్పిన టైముకు ఇరవై నిమిషాలు ఆలస్యం. ఇక్కడ ఐదు నిమిషాలు ఆలస్యమైనా ఫోన్ చేసి క్షమించమని అడగాలని తర్వాత తెలిసింది. కొత్తవాళ్లు రైలు ముందు రాసేది చూడండి, నిషికసాయ్‌లో ఆగేది లోకల్ మాత్రమే.

స్టేషన్ నేల మీద ఉండదు, పైన వంతెన మీద ఉంటుంది. టికెట్ గేట్లు కింద. గేటు దాటి బయటికొస్తే ఉత్తరం ఒకవైపు, దక్షిణం ఒకవైపు, రెండు వైపులా బస్సులు. రైలు పట్టాల కిందే వరుసగా కొట్లు, దాన్ని మెట్రో సెంటర్ అంటారు. ఈ లైను 1969లోనే ఇటు వచ్చింది కానీ ఈ స్టేషన్ తెరిచింది 1979 అక్టోబర్ 1న, సముద్రం పూడ్చి ఈ చుట్టుపక్కల కొత్త ఊళ్లు వేస్తున్న కాలంలో. అందుకేనేమో పాత గుడులూ ఇరుకు సందులూ ఉన్న జపాన్ ఇక్కడ కనబడదు. వెడల్పు రోడ్లు, చెట్లు, పెద్ద పెద్ద అపార్ట్‌మెంటు బ్లాకులు. నాకైతే కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీ గుర్తొచ్చింది.

ఏజెంట్ ఆఫీసులో కూర్చోగానే ఆ అబ్బాయి ముందు అడిగింది అద్దె ఎంతలో కావాలని కాదు, స్టేషన్‌కు ఎన్ని నిమిషాల్లో కావాలని. ఇక్కడ ప్రతి ఇంటి కాగితం మీదా అది రాసుంటుంది. నడిచి 4 నిమిషాలు, నడిచి 9 నిమిషాలు అని. అద్దె దాన్ని బట్టే పెరుగుతుంది, తగ్గుతుంది. ఆ నిమిషానికి ఒక లెక్కుంది, 80 మీటర్లు నడిస్తే ఒక నిమిషం. దేశమంతా ఇదే లెక్క. అంటే 6 నిమిషాలు అని రాస్తే 480 మీటర్ల లోపు. మధ్యలో సిగ్నల్ దగ్గర ఆగే టైము ఇందులో కలపరు. చంకలో పిల్ల, చేతిలో ఐదు కిలోల బియ్యం సంచీ ఉన్నవాళ్ల నడక కూడా కాదు అది. నేను చూసిన మొదటి ఇల్లు 8 నిమిషాలని రాసుంది, పాపను నడిపించుకుంటూ వెళ్తే నాకు పదిహేను పట్టింది. అప్పటినుంచి ఏ ఇల్లు చూసినా స్టేషన్ గేటు దగ్గర ఫోన్‌లో టైమర్ పెట్టి, పాప చెయ్యి పట్టుకుని నడిచి నా లెక్క నేను రాసుకున్నాను. మీరూ అలాగే చెయ్యండి, రోజూ నడిచేది మనమే కదా.

ఇక అసలు కష్టం. ఆ ఏజెంట్ అబ్బాయి మంచివాడు, నాలుగు ఇళ్లు తీసి చూపించాడు. చూడటానికి వెళ్లేముందు ప్రతి ఇంటి ఓనర్ తరఫు వాళ్లకూ ఫోన్ చేసేవాడు. మాకు అతని మాటలు అర్థం కావు కానీ గాయ్‌కొకుజిన్ అనే మాట, ఇందో అనే మాట వినిపించేవి. విదేశీయులు, ఇండియా అని. అవి అన్నాక అవతలివైపు కాసేపు నిశ్శబ్దం. ఇతను ఫోన్ పట్టుకునే తల వంచి దండాలు పెట్టి పెట్టేసేవాడు. మా వైపు తిరిగి చోత్తో ముజుకషీ అనేవాడు. కొంచెం కష్టం అని అర్థం. మొదటిసారి కష్టమంటే ఇంకో కాగితమేదో కావాలేమో అనుకుని మేం తెస్తామండీ అన్నాం. కాదు. ఇక్కడ కష్టమంటే కుదరదనే. నాలుగింట్లో మూడు అలా పోయాయి. ఒక ఓనర్ మాత్రం కారణం చెప్పాడట, మసాలా వాసన గోడలకు పడుతుంది అని. ఆ రాత్రి పప్పు తాలింపు వేయడానికి కూడా నా చెయ్యి ఆడలేదు. డబ్బుంది, ఉద్యోగం ఉంది, వీసా ఉంది, మన వంట వల్ల ఇల్లు లేకుండా పోతుందా అని చాలా బాధేసింది. మా ఆయన ఏమీ మాట్లాడకుండా స్టవ్ దగ్గరికెళ్లి ఆయనే తాలింపు పెట్టారు.

నాలుగో ఇంటివాళ్లు సరేనన్నారు. అద్దె 1,25,000 యెన్లు. కానీ చేరడానికి ముందు కట్టాల్సిన లెక్క చూస్తే కళ్లు తిరిగాయి. షికికిన్ అని ఒక నెల డిపాజిట్. రెయ్‌కిన్ అని ఇంకో నెల, అది ఓనర్‌కు కృతజ్ఞతగా ఇచ్చే డబ్బు, తిరిగి రాదు. ఏజెంట్ కమీషన్ ఒక నెల, పైన పది శాతం ట్యాక్స్. మనకు జామీను ఉండటానికి ఇక్కడ బంధువులెవరూ లేరు కాబట్టి జామీను కంపెనీకి ఇంకో సగం నెల. మొదటి నెల అద్దె ముందే. అన్నీ కలిపి దాదాపు ఆరు లక్షల యెన్లు, రెండేళ్లకోసారి ఒప్పందం తిరగరాస్తే మళ్లీ ఒక నెల. అప్పటికి మొదటి జీతం కూడా పడలేదు.

మమ్మల్ని గట్టెక్కించింది ఒక అక్క. స్టేషన్ దక్షిణం వైపు ఇండియన్ కొట్టులో సోనా మసూరి బియ్యం ధర చూస్తుంటే, పాప నాతో మాట్లాడే మాటలు విని, తెలుగువాళ్లా అమ్మాయ్ అని పలకరించారు. గుంటూరు వాళ్లు, ఇక్కడికొచ్చి పదకొండేళ్లయిందట. బియ్యం సంచీ పక్కన నిలబడే మా కథంతా చెప్పేశాను. ఆవిడ మొత్తం విని ఒక్క మాట అన్నారు. "ఏజెంట్ల చుట్టూ ఎందుకు తిరుగుతున్నావ్ నాన్నా, యూఆర్‌కి వెళ్లండి. అక్కడ నువ్వెవరని అడగరు, నీ జీతమెంతని అడుగుతారు."

యూఆర్ అంటే ప్రభుత్వానికి చెందిన గృహ సంస్థ. యుద్ధం తర్వాత ఇళ్ల కొరత తీర్చడానికి 1955లో మొదలైన సంస్థే పేర్లు మారి ఇప్పుడు యూఆర్ అయింది. ఇక్కడ రెయ్‌కిన్ లేదు, కమీషన్ లేదు, జామీనుదారు అక్కర్లేదు, రెండేళ్లకోసారి తిరగరాసే ఫీజూ లేదు. డిపాజిట్ రెండు నెలల అద్దె, అంతే. విదేశీయులైనా సరైన వీసాతో ఉంటే చాలు. ఆదాయానికి మాత్రం నిబంధన ఉంది, మాలాంటి కుటుంబానికి ఆ అద్దె స్థాయిలో నెలకు సగటున 3,30,000 యెన్లు ఉండాలి, లేదా అద్దెకు వంద రెట్లు బ్యాంకులో ఉండాలి. నిషికసాయ్ చుట్టూ ఈ యూఆర్ బ్లాకులు చాలా ఉన్నాయి, స్టేషన్‌కు దగ్గర్లోని కొజిమాచో రెండో బ్లాకు కాలనీలో మనవాళ్లు నిండుగా ఉంటారు. నిజానికి ఇంతమంది భారతీయులు ఈ ఊరు చేరడానికి ఇది ఒక పెద్ద కారణం. 1990ల చివర్లో వైటూకే, అంటే 2000 సంవత్సరం వస్తే కంప్యూటర్లలో తేదీలు తప్పకుండా సరిచేసే పని మీద మన ఇంజనీర్లు తండోపతండాలుగా వచ్చినప్పుడు వాళ్లకూ ఇవే తిరస్కారాలట. అప్పటికే ఇరవై ఏళ్లుగా ఇక్కడ ఉంటున్న టీ వ్యాపారి జగ్మోహన్ చంద్రాణీ గారు వాళ్లకు ఇళ్లు దొరకడానికి సాయపడ్డారు, శాకాహారులకు భోజనం ఏర్పాటు చేశారు. అలా మొదలైన బస్తీ నుంచి 2019లో యోగేంద్ర పురాణిక్ గారు ఎదోగావా వార్డు సభకు గెలిచారు కూడా. కొట్టులో అక్క నాకు చెప్పిన ఆ ఒక్క మాటకు వెనక పాతికేళ్లు ఉన్నాయన్నమాట.

యూఆర్ ఆఫీసులో అమ్మాయి తాళం చెవి ఇచ్చి, మీరే వెళ్లి చూసి రండి అంది. ఎవరూ వెంట రాలేదు. ఖాళీగా ఉన్నవి రెండు, ఒకటి రెండో అంతస్తు, ఒకటి ఆరో అంతస్తు. ఇక్కడ నేల అంతస్తునే ఒకటి అంటారు కాబట్టి ఆరు అంటే మన లెక్కలో ఐదు. రెండో అంతస్తుదానికి అద్దె తక్కువ, పాపతో ఎక్కువ మెట్లెక్కే పని లేదు. మా ఆయన దానికే మొగ్గారు. నేను ఒప్పుకోలేదు.

ఎందుకంటే మాది కోనసీమ, లంక గ్రామం. 1986 ఆగస్టులో గోదావరి పొంగినప్పుడు మా అమ్మ కొత్త కోడలు. చూరు దాకా నీళ్లొస్తే పడవ వచ్చేదాకా డాబా మీద గడిపిన రాత్రుల గురించి చిన్నప్పటినుంచి వింటూనే పెరిగాను. వార్డు ఆఫీసులో ఇంటింటికీ ఇచ్చే వరద మ్యాప్ ఒకటుంది, 2019లో వేశారు. దాని అట్ట మీదే వార్డు బొమ్మ వేసి, ఇక్కడ ఉండకూడదు అని రాశారు. ఒక ప్రభుత్వ ఆఫీసు తన జనానికి ఇంత సూటిగా చెప్పడం నేనెక్కడా చూడలేదు. వార్డులో దాదాపు 70 శాతం నేల సముద్రపు పోటు మట్టం కంటే కిందే ఉంది. పెద్ద వరదొస్తే ఒకటి రెండు వారాల పైన కూడా నీళ్లు నిలవొచ్చని ఆ మ్యాపే చెప్తుంది. ఇవన్నీ అక్క ఫోన్‌లో తర్జుమా చేసి చూపించారు. ఆ మ్యాపు చూశాక మా ఆయన కూడా మారు మాట్లాడలేదు. ఆరో అంతస్తు, 1,18,000 యెన్లు, కాగితం మీద స్టేషన్‌కు ఏడు నిమిషాలు, పాపతో నడిస్తే పదకొండు.

కాగితాల సంగతి క్లుప్తంగా చెప్తాను. రెసిడెన్స్ కార్డు ఎయిర్‌పోర్టులోనే ఇస్తారు, పాపదాని మీద ఫొటో లేదు. దాని వెనక అడ్రస్ రాయించుకుంటేనే మిగతావన్నీ నడుస్తాయి, కాబట్టి తాత్కాలిక ఫ్లాట్ అయినా సరే ముందు అక్కడి వార్డు ఆఫీసులో నమోదు చేయించుకోండి. మేం సర్వీస్ ఫ్లాట్ కదా అని వారం రోజులు ఊరుకున్నాం, ఆ వారం వృథా. నమోదయ్యాక జూమిన్‌హ్యో అనే నివాస పత్రం ఇస్తారు. కుటుంబమంతా ఉన్నది, మై నంబర్ (మన ఆధార్ లాంటి నంబర్) లేకుండా తీసుకోవాలి. మాకు నంబర్‌తో ఇచ్చారు, యూఆర్‌లో తీసుకోలేదు, మళ్లీ వెళ్లి ఇంకోటి తెచ్చాం. జపాన్‌లో పోయినేడాది ఆదాయం లేదు కాబట్టి జీతం ఎంతో కంపెనీ రాసిచ్చిన సర్టిఫికెట్ పెట్టాం. ఇల్లు మారాక పాత వార్డులో వెళ్తున్నామని, కొత్త వార్డులో వచ్చామని చెప్పాలి, రెండోది 14 రోజుల్లోపు. కసాయ్ స్టేషన్ వైపున్న శాఖా కార్యాలయంలో ఆ పనీ పాప వైద్యం కార్డు పనీ ఒకే పూటలో అయిపోయాయి.

గడువుకు మూడు రోజుల ముందు తాళాలు చేతికొచ్చాయి. సాయంత్రం ఐదున్నరకు సూట్‌కేసులతో తలుపు తీసి స్విచ్ వేస్తే వంటగది, బాత్రూమ్ తప్ప ఎక్కడా వెలగలేదు. పైకి చూస్తే సీలింగ్‌లో గుండ్రటి తెల్లటి సాకెట్ మాత్రమే ఉంది. ఇక్కడ లైట్లు అద్దెకున్నవాళ్లే కొనుక్కుని బిగించుకోవాలి, వెళ్లేటప్పుడు తీసుకుపోవాలి. కర్టెన్లూ అంతే, స్టవ్వూ అంతే. గ్యాస్ మనిషి మర్నాడు మనం ఇంట్లో ఉండగా వచ్చి తెరిస్తేనే గ్యాస్. ఆ రాత్రి వంటగది లైటు వెలుగులో, తాటాకు చాపలాంటి వాసనొస్తున్న తతామీ అనే గడ్డి చాపల నేల మీద దుప్పట్లు పరుచుకుని, అక్క డబ్బాలో పెట్టి పంపిన పులిహోర తిన్నాం. పాప ఒక గదిలోంచి ఇంకో గదిలోకి జారుడు తలుపులు తీస్తూ వేస్తూ పదింటి దాకా పడుకోలేదు.

స్టవ్ గురించి ఒక మాట చెప్పాలి, నాకెవరూ చెప్పలేదు. ఇక్కడి గ్యాస్ స్టవ్ బర్నర్ మధ్యలో చిన్న బొత్తంలాంటి సెన్సర్ ఉంటుంది. గిన్నె అడుగు దానికి ఆనితేనే మంట సరిగ్గా ఉంటుంది, వేడి ఎక్కువైతే దానంతటదే మంట తగ్గించేస్తుంది. నేను మోసుకొచ్చిన గుండ్రటడుగు బాండీలో మినప్పప్పు వేయిస్తుంటే సగంలో మంట పడిపోయేది. స్టవ్ పాడైందని రెండు రోజులు టెన్షన్ పడ్డాను. చదునడుగు మూకుడు కొనుక్కోండి, అంతే.

ఇప్పుడు ఇక్కడ మూడో ఏడు. పొద్దున రైలు రద్దీ చాలా ఎక్కువ, ఈ లైన్‌లో జనం తోసుకోకుండా ఎక్కి దిగడానికని 1.8 మీటర్ల వెడల్పు తలుపులున్న పెట్టెలు కూడా ప్రత్యేకంగా చేయించారు. అయినా మా ఆయన బ్యాగు గుండెలకు హత్తుకునే వెళ్తారు. ఆడవాళ్లకు పొద్దున విడిగా ఒక పెట్టె ఉంటుంది, పని మొదలుపెట్టాక నేను అందులోనే వెళ్తున్నాను. ఉత్తరం వైపు గ్యోసెన్ పార్కులో టికెట్ లేని చిన్న జూ ఉంది. మసాలా వాసన సంగతంటారా, మా పక్కింటి జపనీస్ మామ్మగారు లిఫ్టులో కనిపించి, ముక్కు దగ్గర చెయ్యి ఊపి ఏదో అన్నారు. నా గుండె ఆగినంత పనైంది. పాప అప్పటికే యోచిఎన్‌కు, అంటే ఇక్కడి కిండర్‌గార్టెన్‌కు వెళ్తోంది, అదే తర్జుమా చేసింది. "మన ఇంట్లోంచి మంచి వాసన వస్తోందంట అమ్మా, ఏం వండావని అడుగుతున్నారు." చారు. మర్నాడు చిన్న గిన్నెలో తీసుకెళ్లి ఇచ్చాను, గిన్నె తిరిగొచ్చేటప్పుడు అందులో నాలుగు కమలాపళ్లు వచ్చాయి.

గాలి గట్టిగా వీస్తే మా రైలు ఆగిపోతుంది. ఆ పెద్ద వంతెన మీద 1978 ఫిబ్రవరి 28న సుడిగాలికి రైలు పెట్టెలు పక్కకు పడిపోయాయట, అందుకే గాలి విషయంలో వాళ్లు రిస్క్ తీసుకోరు. అలా ఆగిన ఒక ఫిబ్రవరి రోజు మా ఆయన ఆఫీసుకు వెళ్లలేదు. సాయంత్రానికి గాలి తగ్గాక ముగ్గురం నది గట్టు దాకా నడిచాం. ముందు నకాగావా, మధ్యలో కట్ట, కట్ట మీద ఫ్లైఓవర్, దానవతల అరకావా. ఈ అరకావా ఇక్కడ తానుగా పుట్టిన నది కాదు, 1910 వరదల తర్వాత ఊరిని కాపాడటానికి 22 కిలోమీటర్లు మనుషులు తవ్విన కాలువ, 1930కి పూర్తయింది. మన కాటన్ దొర ఆనకట్టలాంటి పని.

గట్టు మీద నుంచి అమ్మకు వీడియో కాల్ చేశాను. నది చూపించాను, వంతెన మీద మళ్లీ మొదలైన రైళ్లు చూపించాను. అమ్మ రైళ్లు చూడలేదు. ఫోన్ కిందికి తిప్పవే, గట్టు చూపించు అంది. చూపించాను. "రాళ్లు వేశారా? ఎంత ఎత్తుంది? మీ ఇల్లు ఎన్నో అంతస్తన్నావ్?"

ఆరు అన్నాను.

"సరే అయితే" అని, అప్పుడు పాపను పిలవమంది.